డ్రా: ఒక మాట, రెండు తాత్పర్యాలు

చదరంగపు టోర్నమెంట్ల ఫలితాలు పత్రికలో చదివేవారిలో చాలామంది చూపు గెలుపోటముల మీదనే నిలుస్తుంది. "ఫలానా వారి ఆట డ్రా" అన్న వాక్యం వద్ద ఎవరూ ఆగరు. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, చెరి అర పాయింటు పంచుకొని లేచిపోయారు, ఇక అందులో చెప్పుకోవడానికేముంది అని అనుకొంటారు. ఆ ఆట రెండు పక్షాలూ ఒకే రకమైన ఎత్తులతో ఆరంభించినదైతే చులకన మరీ ఎక్కువ. అద్దంలో తన ముఖం తాను చూసుకొన్నట్లు ఆడితే ఫలితం సమానం కాక మరేమవుతుందని పెదవి విరుస్తారు.

ఈ చులకన నాకు మొదటినుండీ సమ్మతం కాదు. నేను చదరంగంలో నిపుణుణ్ణి కాను. ఎత్తులు తెలిసినవాడిని, అచ్చైన ఆటలను బల్ల మీద పేర్చుకొని నెమ్మదిగా ఆడి చూసుకొనే అలవాటున్నవాడిని, అంతే. వృత్తిరీత్యా తెలుగు పండితుడిని కనుక అలంకారశాస్త్రంతో కొంత పరిచయముంది. ఆ పరిచయం వల్లనే సమరూపంగా ఆరంభమై సమానంగా ముగిసిన ఆటలలో నాకు ఒక విశేషం కనిపించింది. దానిని రెండు ప్రసిద్ధమైన ఆటల ఆధారంగా చదువరుల ముందుంచుతాను. ఆట తెలియనివారికి కూడా అందేటట్లు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

చదరంగమన్న మాట చతురంగం నుండి వచ్చిందని అందరికీ తెలిసినదే. రథ గజ తురగ పదాతులు నాలుగూ సేనకు అంగాలు. బల్ల మీద అరవైనాలుగు గడులు. నిలువు వరుసలకు ఇంగ్లీషు అక్షరమాలలోని ఎ నుండి హెచ్ వరకు ఎనిమిది అక్షరాలు, అడ్డు వరుసలకు 1 నుండి 8 వరకు అంకెలు. తెల్లరాజు ఈ1 గడిలో ఉంటాడు, నల్లరాజు సరిగ్గా ఎదురుగా ఈ8లో ఉంటాడు. మంత్రికి ఎదురుగా మంత్రి, ఏనుగుకు ఎదురుగా ఏనుగు, గుర్రానికి ఎదురుగా గుర్రం, శకటానికి ఎదురుగా శకటం, బంటుకు ఎదురుగా బంటు. ఇంతటి సమరూపత మరే ఆటలోనైనా ఉన్నదో లేదో గాని, ఇందులో మాత్రం బలాబలాలలో వీసమెత్తు తేడా లేదు. ఉన్న తేడా ఒక్కటే. మొదటి ఎత్తు తెలుపుది. ఆ ఒక్క ఎత్తు కోసమే ఇన్ని వందల ఏళ్ళుగా ఇన్ని గ్రంథాలు పుట్టుకొచ్చాయంటే అతిశయోక్తి కాదు.

సమరూపమైన ఆరంభాలలో పెత్రోవ్ రక్షణ అనేది సుప్రసిద్ధమైనది. అలెగ్జాండర్ పెత్రోవ్ 19వ శతాబ్దపు రష్యన్ ఆటగాడు. అందుచేత దీనికి రష్యన్ రక్షణ అని కూడా పేరు. తెలుపు తన రాజు ముందున్న బంటును రెండు గడులు జరుపుతుంది, నలుపూ అదే చేస్తుంది. తెలుపు తన గుర్రాన్ని ఎఫ్3కు దింపి ఆ నల్లబంటును బెదిరిస్తుంది. సాధారణంగా నలుపు ఇక్కడ తన బంటును కాపాడుకోవాలి. పెత్రోవ్ రక్షణలో కాపాడుకోదు. తానూ గుర్రాన్ని ఎఫ్6కు దింపి తెల్లబంటును బెదిరిస్తుంది. "నా బంటును నీవు తీస్తే నీ బంటును నేను తీస్తాను" అని చెప్పడమన్నమాట. రెండెత్తులైన తరువాత బల్లను చూస్తే మధ్యలో గీత గీసి మడతపెట్టినట్లు ఉంటుంది.

ఇక్కడ నాకు లాటానుప్రాసం గుర్తుకు వస్తుంది. చెప్పిన మాటనే అదే అర్థంలో మళ్ళీ చెబితే పునరుక్తి, అది దోషం. అవే అక్షరాలు మళ్ళీ వచ్చి అర్థం మారితే యమకం, అది అలంకారం. ఈ రెండింటికీ మధ్య మూడవది ఒకటున్నది. మాట మారదు, అర్థమూ మారదు, తాత్పర్యం మాత్రం మారుతుంది. అదే లాటానుప్రాసం. "అమ్మ చేసిన వంటే వంట" అంటాము. మొదటి వంటకూ రెండవ వంటకూ నిఘంటువులో అర్థం ఒక్కటే. కాని మొదటిది పొయ్యి మీద అయిన పదార్థం, రెండవది వంట అనిపించుకోదగిన వంట. మాటలో లేని భేదం, మాట నిలిచిన చోటులో ఉన్నది.

నలుపు వేసిన అనుకరణ ఎత్తు కూడా ఇటువంటిదే. అదే గుర్రం, అదే నడక, ఎదుటి వైపున అదే గడి. అయినా తాత్పర్యం ఒకటి కాదు. తెలుపు ఆ ఎత్తు వేసినప్పుడు ఎదుటి గుర్రం ఇంకా ఇంట్లోనే ఉన్నది. నలుపు వేసేటప్పటికి అది బయటకు వచ్చి ఉన్నది. ముందు పలికిన మాటకూ, దానిని విన్న తరువాత పలికిన మాటకూ ఉన్న తేడా అది.

ఈ సంగతి నేను పుస్తకంలో కాక మా బడిలో చూశాను. ఆటల గదిలో ఎనిమిదవ తరగతి కుర్రవాడొకడు పదవ తరగతి అమ్మాయితో ఆడుతున్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించి, "మాస్టారూ, నేనొక ఉపాయం కనిపెట్టాను. అక్క ఏది వేస్తే నేనూ అదే వేస్తాను. ఇక నన్నెట్లా ఓడిస్తుంది?" అన్నాడు. చూద్దామని నిలుచున్నాను. బంటుకు బంటు, గుర్రానికి గుర్రం. ఆ పిల్ల గుర్రంతో వీడి బంటును తీసింది, వీడూ గుర్రంతో ఆమె బంటును తీశాడు. ఆమె మంత్రిని రాజు ముందున్న ఈ2 గడికి జరిపి వీడి గుర్రాన్ని బెదిరించింది. వీడికి గుర్రం మీద దిగులు పుట్టి దానిని వెనుకకు, ఎఫ్6కు లాక్కున్నాడు. ఆమె తన గుర్రాన్ని ఈ5 నుండి సి6కు గెంతించి "చెక్" అన్నది. గుర్రం తప్పుకోగానే దాని వెనుకనున్న మంత్రి చూపు సూటిగా నల్లరాజు మీద పడింది. రాజును కాపాడుకోక తప్పదు. ఈలోగా సి6లో దిగిన గుర్రం నల్లమంత్రిని పట్టుకొన్నది. అయిదెత్తులకే మంత్రి పోయింది.

కుర్రవాడు బల్లవైపు చాలాసేపు చూసి, "నేను ఆఖరిదాకా కాపీ కొట్టలేదు మాస్టారూ, మధ్యలో మానేశాను, అందుకే పోయింది" అన్నాడు. "ఆఖరిదాకా కొట్టి చూడరా మరి" అన్నాను. బల్ల మళ్ళీ పేర్చారు. ఈసారి వాడూ మంత్రిని రాజు ముందుకు, ఈ7కు జరిపాడు. ఆమె మంత్రి వెళ్ళి వీడి గుర్రాన్ని తీసింది. వీడి మంత్రి ఆమె గుర్రాన్ని తీయబోయి ఆగిపోయింది. తీస్తే ఆమె మంత్రి వీడి మంత్రినే తీసేస్తుంది. ముందు అడుగు వేసినవారికి ముందు అందుతుంది. వాడు నవ్వాడు. "అయితే ఒకటే ఎత్తు ఒకటే కాదన్నమాట" అన్నాడు. నేను తరగతిలో లాటానుప్రాసం చెప్పినప్పుడు ఒక్కరికీ అంత బాగా అర్థమైన జ్ఞాపకం లేదు.

పెత్రోవ్ రక్షణను ఎరిగినవారు అందుకే మూడవ ఎత్తులో అనుకరణ మానుతారు. తెల్లగుర్రం తమ బంటును తీసినా తొందరపడక, ముందు మంత్రి ముందున్న బంటును డి6కు ఒక అడుగు జరిపి ఆ గుర్రాన్ని వెనుకకు పంపుతారు. ఆ తరువాతనే తమ గుర్రంతో ఈ4లోని బంటును తీస్తారు. లెక్క సరిపోతుంది. ఇంతవరకు వచ్చిన తరువాతనే నేను చెప్పదలచిన మొదటి ఆట మొదలవుతుంది.

1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంథొనీ మైల్స్, లారీ క్రిస్టియన్సెన్ తలపడ్డారు. మైల్స్ ఇంగ్లండు దేశపు గ్రాండ్‌మాస్టరు. 1980లో అప్పటి ప్రపంచ విజేత కార్పోవ్‌ను, ఎవరూ వేయడానికి సాహసించని వింత ఎత్తుతో ఆరంభించి ఓడించిన మనిషి. క్రిస్టియన్సెన్ అమెరికా చాంపియన్‌గా నిలిచిన గ్రాండ్‌మాస్టరు. ఇద్దరూ ఉద్దండులే. మైల్స్‌ది తెలుపు. పెత్రోవ్ రక్షణ పడింది. నల్లగుర్రం ఈ4లోని బంటును తీసి అక్కడే నిలిచింది. అయిదవ ఎత్తులో మైల్స్ రెండవ గుర్రాన్ని సి3కు దింపి దానిని బెదిరించాడు. క్రిస్టియన్సెన్ తన శకటాన్ని ఎఫ్5కు తెచ్చి గుర్రానికి అండగా నిలిపాడు.

చూడడానికి ఎంతో సహజమైన ఎత్తు. శకటం బయటకు వచ్చింది, గుర్రానికి రక్షణ దొరికింది, ఒకే దెబ్బకు రెండు పనులు. కాని అది పెద్ద పొరపాటు. తెల్లమంత్రి ఈ2కు జరిగితే చాలు. నల్లగుర్రం, దాని వెనుక నల్లరాజు, ఇద్దరూ ఒకే నిలువు వరుసలో చిక్కుకొంటారు. గుర్రం కదిలితే రాజుకు చెక్. కదలకపోతే తెలుపు డి గడి బంటును ఒక్క అడుగు ముందుకు జరిపి దానిని పట్టుకొంటుంది. నల్లమంత్రి అడ్డు వద్దామని ఈ7కు వస్తే తెల్లగుర్రం డి5లో దిగి ఆ మంత్రినే తరుముతుంది. ఎట్లా చూసినా నలుపు ఒక పావును ఊరకనే కోల్పోతుంది. ఆ స్థాయి ఆటలో ఒక పావు పోతే ఆట పోయినట్లే.

మైల్స్ ఆ ఎత్తు వేయలేదు. గుర్రంతో గుర్రాన్ని తీశాడు, శకటం గుర్రాన్ని తీసింది, బంటును డి3కు జరిపాడు, శకటం వెనుదిరిగింది. ఇరవై ఎత్తులకు ఇద్దరూ సమానమని ఒప్పుకొని లేచారు. ఆ ఆట ముందుగానే అనుకొన్న సంధి అన్న కథ చదరంగ వర్గాలలో బహుళ ప్రచారంలో ఉన్నది. కథను కథగానే ఉంచుదాము. ఒక ఎత్తు వెనుక మనసులో ఏమున్నదో ఎత్తుల పట్టిక చెప్పదు. పట్టిక చెప్పేది ఒక్కటే: నలుపు అయిదవ ఎత్తులో శకటాన్ని ఎఫ్5కు తెచ్చింది, ఆట డ్రా అయింది.

ఆ పట్టికే మరుసటి సంవత్సరం ఒక యువకునికి ఉరి అయింది. 1988లో స్విట్జర్లండులోని బీల్ నగరంలో టోర్నమెంటు. కొలంబియా గ్రాండ్‌మాస్టరు అలోన్సో సపాటాది తెలుపు. నలుపు విశ్వనాథన్ ఆనంద్‌ది. అప్పటికి ఆనంద్‌కు పద్దెనిమిదేళ్ళు. 1987లో ఫిలిప్పీన్స్ దేశంలో ప్రపంచ జూనియర్ విజేత అయినవాడు, భారతదేశానికి మొట్టమొదటి గ్రాండ్‌మాస్టరు. మెరుపువేగంతో ఎత్తులు వేయడం అతని పేరుకు పర్యాయపదంగా ఉన్న రోజులు. పెత్రోవ్ రక్షణ పడింది. నాలుగెత్తులు మామూలే. అయిదవ ఎత్తు, తెల్లగుర్రం సి3. ఆనంద్ శకటాన్ని ఎఫ్5కు తెచ్చాడు. సపాటా మంత్రిని ఈ2కు జరిపాడు. ఆనంద్ ఓటమిని ఒప్పుకొని లేచాడు. ఆట మొత్తం ఆరు ఎత్తులు.

ఇంట్లో ఎత్తులను సరిచూసి చెప్పే యంత్రాలు నేటివలె లేని కాలమది. అచ్చైన ఆటలే ఆటగాళ్ళకు గురువులు. బెల్‌గ్రేడ్ నుండి 1966లో మొదలైన 'ఇన్ఫార్మేటర్' సంపుటాలు ప్రపంచంలోని ఆటగాళ్ళందరికీ పారాయణ గ్రంథాలు. అందులో వ్యాఖ్యానం కూడా ఏ ఒక్క భాషలోనూ ఉండదు, అన్నీ సంకేతాలే. ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఆడి సమానంగా ముగించిన ఆటలో అయిదవ ఎత్తు తప్పుగా ఉంటుందని ఎవరు అనుమానిస్తారు? తప్పైతే ఎదుటివాడు ఊరుకొంటాడా? డ్రా అయిందంటే ఆ ఎత్తు నిలిచినట్లే కదా?

ఈ తర్కంలోని చిక్కు మా శాస్త్రంలోనూ ఉన్నది. ఒక పదరూపం సాధువా అసాధువా అన్న వాదం వచ్చినప్పుడు మహాకవి ప్రయోగాన్ని చూపిస్తారు. సూత్రానికి లొంగకపోయినా శిష్టప్రయోగమున్నదంటే అంగీకరిస్తారు. కాని ఆ ప్రయోగం నిజంగా కవిదేనా, లేక తాటాకు మీద వ్రాసిన లేఖకుని పొరపాటా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక లేఖకుడు పొరబడితే, అతని ప్రతిని చూసి వ్రాసుకొన్నవాడు ఆ పొరపాటును భక్తితో ఎత్తి వ్రాస్తాడు. తరువాతివానికి అదే ప్రమాణం. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి సరిచూపించింది ఇందుకే. ఒకే ప్రతిలో ఉన్న పాఠం, ఎంత అందమైన చేతివ్రాతలో ఉన్నా, అది సాక్ష్యమే గాని తీర్పు కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కో ఆట అటువంటి ఒంటరి ప్రతి. అందులోని డ్రా, "ఈ ఎత్తుకు శిక్ష పడలేదు" అని మాత్రమే చెబుతుంది. "ఈ ఎత్తు మంచిది" అని చెప్పదు. ఈ రెండు వాక్యాలకూ మధ్యనున్న దూరం ఎంతో తెలియడానికి ఒక పద్దెనిమిదేళ్ళ మేధావి ఆరు ఎత్తులలో ఓడవలసి వచ్చింది.

నా వృత్తి కారణంగా ఈ దూరం నాకు చాలా దగ్గరి విషయం. గైడు పుస్తకంలోని జవాబును అక్షరం పొల్లుపోకుండా వ్రాసి ఉత్తీర్ణులైన పిల్లలను ఏటేటా చూసేవాడిని. గైడులో సంధి తప్పుగా విడదీసి ఉంటే నలభై జవాబు పత్రాలలోనూ అదే తప్పు, అదే చోట, అంతే ధీమాగా కనిపించేది. మునుపటి సంవత్సరం దానికి మార్కులు పడ్డాయి కనుక అది ఒప్పు అని పిల్లల విశ్వాసం. "ఎందుకు?" అని అడిగే పిల్ల ఏ బెంచీలోనైనా ఒక్కరున్నా ఆ సంవత్సరం నాకు పండుగే. తప్పు చేసిన పిల్లవానికి దిద్దుబాటు దొరుకుతుంది. తప్పు చేసి మార్కు తెచ్చుకొన్నవానికి అది దొరకదు. ఆ విధంగా చూస్తే, ఆ అయిదవ ఎత్తు వేసి అర పాయింటు దక్కించుకొన్న ఆట కంటె, అదే ఎత్తు వేసి ఆరవ ఎత్తుకే ఓడిన ఆట ప్రపంచానికి ఎక్కువ మేలు చేసింది. ఆనంద్‌కూ అది అడ్డు కాలేదు. 2000లో ప్రపంచ విజేత అయ్యాడు. 2007లో మెక్సికో నగరంలో మళ్ళీ ఆ పట్టం గెలిచి, 2008, 2010, 2012 సంవత్సరాల పోటీలలో దానిని నిలుపుకొన్నాడు.

ఇంతవరకు చెప్పినది చదివి, డ్రా అంటే కప్పిపెట్టిన తప్పు అని నేనంటున్నానని అనుకోవద్దు. రెండవ ఆట అందుకోసమే.

2018 నవంబరులో లండన్‌లో ప్రపంచ పట్టం కోసం పోటీ జరిగింది. విజేత నార్వేకు చెందిన మాగ్నస్ కార్ల్‌సన్, సవాలు చేసినవాడు అమెరికాకు చెందిన ఫాబియానో కరువానా. నిర్ణీతమైన పన్నెండు ఆటలూ డ్రా అయ్యాయి. ప్రపంచ పట్టపు పోటీల చరిత్రలో అట్లా జరగడం అదే మొదటిసారి. చివరకు వేగపు ఆటలలో మూడింటినీ గెలిచి కార్ల్‌సన్ పట్టాన్ని నిలుపుకొన్నాడు. "పన్నెండు ఆటలూ డ్రాలేనా!" అని లోకం విసుక్కొన్నది. ఆ పన్నెండింటిలో నవంబరు 16న జరిగిన ఆరవ ఆటను మాత్రం నేను ఇప్పటికీ అప్పుడప్పుడు బల్ల మీద పేర్చుకొంటూ ఉంటాను.

అదీ పెత్రోవ్ రక్షణే. తెలుపు కార్ల్‌సన్. అతని గుర్రం ఈ5లోని బంటును తీసి, వెనుకకు మామూలు తోవలో ఎఫ్3కు రాక డి3కు వచ్చింది. నల్లగుర్రం ఈ4లోని బంటును తీసింది. తెల్లమంత్రి ఈ2కు, నల్లమంత్రి ఈ7కు వచ్చాయి. అక్కడినుండి గుర్రాల కోలాటం మొదలైంది. తెల్లగుర్రం ఎఫ్4 మీదుగా డి5లో దిగి నల్లమంత్రిని బెదిరించింది. నలుపు రెండవ గుర్రం సి6 మీదుగా డి4లో దిగి తెల్లమంత్రిని బెదిరించింది. తెల్లగుర్రం నల్లమంత్రిని తీసింది, నల్లగుర్రం తెల్లమంత్రిని తీసింది. మరుక్షణం తెల్లగుర్రం డి5కు, నల్లగుర్రం డి4కు తిరిగి వచ్చాయి. మొదటి పది జతల ఎత్తులలో, అంటే ఇరవైలో, పదిహేను గుర్రాలవే. శ్లోకాన్ని ముందునుండి చదివినా వెనుకనుండి చదివినా ఒక్కటిగా ఉండే గతప్రత్యాగత చిత్రకవిత్వం చూసినట్లుంటుంది. మంత్రులు లేని నిశ్శబ్దపు బల్ల మీద, చూసేవారికి ఇక డ్రా తప్ప మరేమీ లేదనిపించింది.

కాని ఆ సమానత్వంలో నుండి కరువానా కొంచెం కొంచెంగా పైకి వచ్చాడు. చివరకు అతని వద్ద గుర్రమూ శకటమూ మిగిలాయి. కార్ల్‌సన్ వద్ద శకటం, దానికి తోడు బంట్లు. ఒక పావు తక్కువతో కార్ల్‌సన్ కోట కట్టుకొని కూర్చున్నాడు. కోట అంటే, ఎదుటివాని బలం ఎక్కువైనా లోపలికి దారి లేకుండా నిలుపుకొన్న స్థితి. ఆరు గంటలకు పైగా ఆట సాగింది. 80వ ఎత్తు వద్ద ఇద్దరూ సమానమని ఒప్పుకొన్నారు.

ఆ సమయంలో నార్వేలోని సెస్సె అనే శక్తిమంతమైన కంప్యూటరు ఆ ఆటను గమనిస్తున్నది. 68వ ఎత్తులో నలుపుకు గెలుపు ఉన్నదని అది చూపించింది. శకటాన్ని హెచ్4 గడికి పంపాలి. తరువాత గుర్రాన్ని ఈ2 మీదుగా జి1కు, అంటే బల్ల అంచున, తనంత తాను బయటకు రాలేని మూలకు తీసుకుపోవాలి. చూడడానికి అది గుర్రాన్ని బంధించుకోవడమే. కాని అక్కడ కూర్చున్న గుర్రం తెల్లశకటానికి దారులు మూసివేస్తుంది, కోట మెల్లగా కూలుతుంది. తన గుర్రాన్ని తానే అట్లా బంధించుకొనే ఎత్తు మనిషికి తోచేది కాదన్న అభిప్రాయాన్ని కాస్పరోవ్ వెలిబుచ్చాడు. ఇరవై ఏళ్ళపాటు ఆ ఆటలో శిఖరం మీద నిలిచిన మనిషి అన్న మాట అది.

ఇప్పుడు రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ పెత్రోవ్ రక్షణే. రెండింటిలోనూ గెలిచే ఎత్తు ఒకటి ఉన్నది, అది పడలేదు. రెండింటి ఫలితమూ డ్రా. పట్టికలో రెండింటికీ ఎదురుగా ఉండేది అర, అర అన్న అంకెలే. మాట ఒకటే, అర్థమూ ఒకటే. తాత్పర్యమో? మొదటిదానిలో గెలుపు అయిదు ఎత్తుల లోతులో, ఆటలో కొంత అనుభవమున్న పిల్లవానికి కూడా చూపిస్తే కనబడే చోట ఉన్నది. రెండవదానిలో మనిషి చూపు ఆగిపోయే అంచుకు అవతల ఉన్నది. మొదటి డ్రా ఆటను ఆపివేసింది. రెండవ డ్రాలో ఇద్దరూ తమ శక్తి చివరివరకు వెళ్ళి, ఒకరు తలుపు వెదికారు, మరొకరు తలుపు మూసుకొని నిలిచారు. ఎనభై ఎత్తులు వేసినా తలుపు దొరకలేదంటే వెదికినవాని లోపమని నేననలేను. కాపాడినవాని కష్టాన్ని యంత్రం లెక్కలోకి తీసుకోదు. అది దాని పని కాదు, మన పని.

అందువల్ల యంత్రం చెప్పిన మాటతో రెండు ఆటలనూ ఒకే గాటన కట్టి, "రెండూ తప్పిన గెలుపులే" అనడం నాకు అంగీకారం కాదు. నేటి పిల్లలు ఆటలను తెర మీద చూస్తారు. పక్కన ఒక పట్టీ తెలుపు ఎంత, నలుపు ఎంత అని క్షణక్షణం చెబుతూ ఉంటుంది. పట్టీ పైకి పోతే "అయ్యో, చూడలేదు" అని నవ్వుతారు. ఏది చూడగలిగినది, ఏది చూడడానికి వీలుకానిది అన్న విచక్షణ ఆ పట్టీ ఇవ్వదు. పాతకాలంలో అచ్చైన ఫలితాన్ని గుడ్డిగా నమ్మినట్లే, ఈ కాలంలో ఆ పట్టీని నమ్ముతున్నారు. గురువు మారాడు, గైడు మారింది, అలవాటు మారలేదు.

చప్పని సంధులను ఆపడానికి నిర్వాహకులు నియమాలు తెచ్చారు. 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన టోర్నమెంటులో ఆటగాళ్ళు తమలో తాము డ్రా మాట్లాడుకోకూడదన్నారు. అవసరమైతే నిర్ణేతకు చెప్పుకోవాలి, స్థితిని బట్టి ఆయన అనుమతించాలి. సోఫియా నియమమన్న పేరుతో అది తరువాత అనేక చోట్ల ఏదో ఒక రూపంలో అమలైంది. మంచిదే. నోటితో ఆడే మాటను నియమం ఆపగలదు. కాని ఆట ఆడిన మనసు ఎటువంటిదో నియమం చెప్పలేదు. అది తెలుసుకోవాలంటే ఆటను మొదటినుండి ఒక్కొక్క ఎత్తుగా ఆడి చూసుకోవడం తప్ప వేరే దారి లేదు. పద్యం తాత్పర్యం తెలియాలంటే పద్యం చదవవలసిందే గాని కింద అచ్చువేసిన తాత్పర్యం చదివితే చాలదు కదా.

ఈ రోజున మన తెలుగు పిల్లలు చదరంగంలో ఎంతో ముందున్నారు. గుంటూరు నుండి హరికృష్ణ, గుడివాడలో పుట్టిన హంపి, వరంగల్లు నుండి అర్జున్ ఎరిగైసి ప్రపంచ వేదికల మీద నిలిచారు. వారిని చూసి ఊరూరా తల్లిదండ్రులు పిల్లలను శిక్షణకు పంపుతున్నారు. సాయంత్రం ఇంటికి రాగానే "గెలిచావా, ఓడావా?" అని అడుగుతారు. "డ్రా అయింది" అని పిల్ల చెబితే అక్కడితో ఆ సంభాషణ ముగిసిపోతుంది.

నా మనవి ఒక్కటే. అక్కడ ముగించకండి. బల్ల ముందు కూర్చోబెట్టి, "ఏదీ, మొదటినుండి వేసి చూపించమ్మా" అని అడగండి. ఎత్తులు మీకు తెలియకపోయినా ఫరవాలేదు. చూపిస్తూ చూపిస్తూ ఆ పిల్ల ఎక్కడో ఒకచోట తానే ఆగుతుంది. "ఇక్కడ ఆ అబ్బాయి మంత్రిని జరిపి ఉంటే నా పని అయిపోయేది" అని అంటుంది. లేకపోతే, "ఇక్కడ అరగంట ఆలోచించి కోట కట్టాను, వాడు ఎంత ప్రయత్నించినా లోపలికి రాలేకపోయాడు" అని అంటుంది. ఆ రెండు మాటలలో ఏది అన్నదో దానిని బట్టి ఆనాటి అర పాయింటు విలువ మీకూ తెలుస్తుంది, దానికీ తెలుస్తుంది.